డైనమో వెనక డబ్బా

1958 మార్చి 9, ఆదివారం. పులివెందుల.

స్టీరింగ్ కొంచెం బరువుగా ఉంది. ఎండకు అయ్యుంటుంది.

ఈ నోటుబుక్కు మా యజమాని రెడ్డి గారి భార్య లక్ష్మీకాంతమ్మ గారు ఇచ్చారు, కారు ఏ రోజు ఎన్ని మైళ్ళు తిరిగిందో రాయమని. అది ముందు పేజీల్లో రాస్తున్నాను. ఇది మాత్రం వెనక పేజీల నుంచి, నా కోసం. మైమూన్‌కు తెలుగు చదవడం రాదు. పెళ్ళానికి చదువు రానందుకు సంతోషించే మొగుణ్ణి నేనొక్కణ్ణేనేమో.

మార్చి 14, శుక్రవారం.

వెంకటమ్మ గారిని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయి తెచ్చాను. మా రెడ్డి గారి తల్లి ఆమె. రెండు కళ్ళకూ పొర వచ్చింది. పొర ఇంకా ముదరలేదు, ఎండాకాలం పోయాక ఆపరేషన్ చేద్దాం అన్నారట.

ముద్దనూరు మలుపులో స్టీరింగ్ తిప్పుతుంటే కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా లాగింది. ఆ చెయ్యే.

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను, ఎవరు చూడబోతారు. నాలుగేళ్ళ కింద ప్రొద్దుటూరు బస్టాండులో ఇంజను పట్టించడానికి బస్సుకు హ్యాండిల్ కొడుతుంటే అది ఎదురు తన్ని ఈ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. పన్నెండేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, మళ్ళీ ఎక్కిన మూడో రోజే మైదుకూరు రోడ్డు మలుపులో స్టీరింగ్ తిరక్క బస్సును పొలంలోకి దింపాను. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సు ఓనరు హబీబుల్లా సాహెబ్ ఒక్క మాట కూడా అనలేదు. నేనే తాళం చెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. మూడేళ్ళు మా బావమరిది అంగట్లో గోనె సంచులు కుట్టాను.

కిందటి దీపావళికి పులివెందుల నారాయణరెడ్డి గారు మద్రాసు నుంచి ఈ అమెరికా కారు తెప్పించారు. డ్రైవరు కావాలంటే వచ్చాను. "బండి మీద చెయ్యి బాగుందా అప్పా?" అని పనితనం గురించి అడిగారు. బాగుందన్నాను. ఎక్కి స్టీరింగ్ పట్టుకుంటే, ఏం చెప్పాలి, చిటికెన వేలితో తిరిగింది! ఇంత పొడవు కారు, రెండు ఎద్దుల బండ్లంత వెడల్పు, నీళ్ళలో గరిటె తిప్పినట్టు తిరిగింది. అల్లా ఈ కారును నా కోసమే చేయించాడనుకున్నాను.

ఆ చెయ్యి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

మార్చి 16.

టైర్లకు గాలి పట్టించాను. చక్రాల దగ్గర గ్రీజు కొట్టాను. మార్పు లేదు.

మార్చి 21.

రోజా మొదలైంది. ఉపవాసం కదా, బలం తగ్గడం మామూలే. రంజాన్ అయ్యాక సర్దుకుంటుంది.

మార్చి 27.

కారు మలుపు తిరిగేటప్పుడు లోపల నుంచి మూలుగు వస్తోంది, ఈనబోయే బర్రె మూలిగినట్టు. డైనమో బెల్టు వదులైంది కాబోలు. బిగించాను. కొంచెం తగ్గింది. తగ్గిందనే అనుకుంటున్నాను.

డైనమో వెనక ఒక చిన్న రేకు డబ్బా ఉంది, పైన మూత. కారు అమ్మిన దళారీ "దాన్ని ముట్టుకోవద్దు, డైనమో పాడైపోతుంది" అని రెండుసార్లు చెప్పాడు. ముట్టుకోలేదు.

ఏప్రిల్ 3, గురువారం.

పొద్దున షెడ్డులో లక్ష్మీకాంతమ్మ గారి గొంతు. నెమ్మదైన మనిషి, ఆమె కేకలు వేయడం నేనెప్పుడూ వినలేదు. కారు ముందు చక్రాల నడుమ నేల మీద ఎర్రటి మరకలు. పనిచేసే నాగమ్మను నిలదీస్తున్నారు.

"వక్కాకు నమిలి ఈడ ఉమ్ముతావా? దొడ్డంతా ఉండాది గదా!"

"నేను కాదమ్మా, నా బిడ్డల మీద ఒట్టు. నేను షెడ్డులో కాలే పెట్టలేదు."

నేను గోనెపట్టా తెచ్చి తుడిచేశాను. నాగమ్మ వక్కాకు వేస్తుంది కదా. ఆమే అయ్యుండాలి.

గోనెపట్టా నూనె వాసన వేసింది. అయినా ఆమే అయ్యుండాలి.

ఏప్రిల్ 5.

మళ్ళీ మరకలు. నాగమ్మ రాకముందే తుడిచాను.

ఏప్రిల్ 12.

కుడి చెయ్యి. కుడి చెయ్యి. ఇంకేమీ రాయడానికి లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం.

పండుగ. కొత్త చొక్కా. మైమూన్ సేమ్యా చేసింది. నమాజుకు పోయి వచ్చి, కారు బయటికి తీసి, ఒక్కసారి రివర్సు చేసి చూశాను. రెండు చేతులతో, సీట్లో లేచి నిలబడి లాగితే తిరిగింది.

రోజా అయిపోయింది. ఇంక దేని మీద చెప్పుకోను?

టైర్లు బాగున్నాయి, గ్రీజు బాగుంది, బెల్టు బాగుంది. బండిలో లోపం లేదంటే మిగిలింది నేనే. విరిగిన ఎముక కొన్నేళ్ళకు లోపల కుళ్ళుతుందని ఎవరో చెప్పగా విన్నాను. మైమూన్ చెయ్యికి ఆముదం రాస్తానంటే వద్దని కసిరాను, పండుగ పూట.

ఏప్రిల్ 26, శనివారం.

ఈ రోజు వెంకటమ్మ గారిని చంపబోయాను.

జమ్మలమడుగులో ఆసుపత్రి దాటి సందు మలుపు. ఎదురుగా పత్తి బండి. ఎడమకు కొట్టాలి. కొట్టాను, సగం తిరిగి ఆగింది. బ్రేకు మీద నిలబడ్డాను. కారు ముక్కు ఒక బావి గట్టుకు జానెడు దూరంలో ఆగింది. బండివాడు నన్ను నానా మాటలూ అన్నాడు. వెంకటమ్మ గారికి సరిగా కనపడలేదు గాబట్టి "ఏమయింది అప్పా, నిలబెట్టినావు?" అన్నారు.

"మేక అడ్డం వచ్చిందమ్మా" అన్నాను.

మే 2.

రెడ్డి గారికి ఎవరో చెప్పారు, జమ్మలమడుగు సంగతి. కోప్పడలేదు. "చెన్నూరు నుంచి జిలానీ అని ఒక డ్రైవర్ని రమ్మన్నా. వయసు పిల్లోడు. వానితో ఒకసారి నడిపించి చూస్తాం. నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు అప్పా" అన్నారు. మంగళవారం వస్తాడట.

మే 5, సోమవారం.

వాడొచ్చి నా బదులు ఎక్కేలోపల నా నోటితో నేనే చెప్పాలనిపించింది. పోయేది ఎలాగూ పోతుంది, అబద్ధమైనా దించుకుని పోదామని.

వెంకటమ్మ గారు పంచలో అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు, చేత్తో తడుముతూ. నిలబడి మొత్తం చెప్పాను. హ్యాండిల్ తన్నడం, బస్సు, పొలం, గోనె సంచులు, చెయ్యి బాగుందన్న అబద్ధం, మేక. నాగమ్మ సంగతి కూడా చెప్పాను. షెడ్డులో మరకలు ఏ బండైనా కార్చేలాంటి నూనెవి, నాకు తెలుసని.

ఇంకో రెండు గింజలు తీసి పక్కన పడేశారు.

"మేక రాలేదా అయితే?"

"లేదమ్మా."

"నాకు ఏడాదిగా కండ్లు మసక. మొన్న ఆసుపత్రికి పొయ్యేదాంకా కొడుక్కి చెప్పల్యా. కూర్లో ఉప్పు రెండుసార్లేసి, మతిమరుపు అని చెప్పుకుంటా ఉంటి. కండ్లు ల్యాని ముసల్దానికి చెయ్యి ల్యాని డ్రైవరు! బాగా కుదిరినాం గదప్పా ఇద్దరం!" అని నవ్వారు. పంచ అదిరేట్టు నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

తర్వాత నవ్వు ఆపి, "నాగమ్మకు మాత్రం నువ్వే చెప్పుకోవాల. నేను చెప్పను" అన్నారు.

దొడ్లోకి పోయి చెప్పాను. నాగమ్మ చీపురు కింద పడేసి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే.

మే 6, మంగళవారం.

ఏ మాట ముందు రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

జిలానీ పొద్దున ఎనిమిదికి వచ్చాడు. ఇరవై ఐదేళ్ళుంటాయి, లారీ నడిపినవాడు, భుజాలు గుమ్మం నిండేంత. నాకు సలాం చేసి, "నీ జాగాలోకి వచ్చినానని అనుకోవద్దు చాచా" అన్నాడు. రెడ్డి గారు, వెంకటమ్మ గారు, లక్ష్మీకాంతమ్మ గారు అందరూ షెడ్డు ముందు ఉన్నారు. తాళం చెవి నేనే ఇచ్చాను.

ఇంజను పట్టించాడు. కారు వెనక్కి తీసి గేటు వైపు తిప్పాలి. తిప్పాడు. మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మెడ నరాలు లేచాయి. సీటు వెనక్కి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపట్టి, రెండు చేతులతో లాగాడు. కారు గేటుకు బదులు మొక్కజొన్న దంట్ల కుప్ప వైపు పోయి ఆగింది.

దిగాడు. చెమట తుడుచుకున్నాడు. నావైపు చూశాడు, రెడ్డి గారి వైపు చూశాడు.

వాడు ఏమైనా చెప్పి ఉండొచ్చు. అలవాటు లేదు, రెండ్రోజుల్లో సర్దుకుంటా అంటే ఉద్యోగం వాడిదే. కానీ వాడన్నాడు:

"అయ్యా, ఈ బండి స్టీరింగ్ పట్టేసిండాది. ఇది మనిషి తిప్పేది కాదు. లారీ కూడా దీనికంటే మేలు. చాచా దీన్ని ఎట్ల నడిపినాడయ్యా ఇన్ని దినాలు?"

రెడ్డి గారు నమ్మలేదు. పంచె బిగించి తనే ఎక్కారు. ఆయన వడ్ల బస్తా ఒంటి చేత్తో భుజాన వేసుకునే మనిషి. అర చుట్టు తిప్పేసరికి "అబ్బా" అన్నారు.

"ఖలందరూ! రెండు నెల్లుగా దీన్నా నువ్వు తిప్పుతాండేది?"

"అవునయ్యా."

"ముద్దనూరు మలుపుల్లో కూడానా?"

"అవునయ్యా."

"ఆ ఇరిగిన చేత్తోనా?" తల్లి అప్పుడే చెప్పేసి ఉన్నారన్నమాట.

పక్క నుంచి వెంకటమ్మ గారు గట్టిగా అన్నారు: "రోగం బండికిరా నారాయణా! ఈయప్ప చేతికి కాదు!"

నేను షెడ్డు గోడకు ఆనుకుని కుడి చెయ్యి చూసుకున్నాను. పిడికిలి బిగించాను, విప్పాను. మళ్ళీ బిగించాను. ఈ చెయ్యి కుళ్ళిపోలేదు. రెండు నెలలు దీన్ని ఎన్ని మాటలన్నాను.

జిలానీకి లక్ష్మీకాంతమ్మ గారు అన్నం పెట్టించారు. నేను పక్కనే కూర్చుని తిన్నాను. మధ్యాహ్నం బస్సెక్కేటప్పుడు వాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మే 7.

ఇప్పుడు అసలు పని. బండికి ఏమైంది?

కారు అరలో ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది, కారుతోపాటే వచ్చింది. లక్ష్మీకాంతమ్మ గారు కడపలో ఎస్సెస్సెల్సీ పాసైన మనిషి. పొద్దుటి నుంచి డిక్షనరీ పెట్టుకుని పుస్తకం చదువుతూ కూర్చున్నారు. వంట వెంకటమ్మ గారే చేశారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, అందరూ మజ్జిగ పోసుకుని తిన్నారు.

పదకొండు గంటలకు పిలిచారు. పుస్తకంలో ఒక బొమ్మ. డైనమో, దాని వెనక డబ్బా.

"ఖలందర్, దీన్ని పవర్ స్టీరింగ్ పంపు అంటారంట. ఇంజను తిరుగుతాంటే ఇది నూనెను తోసి, మన బదులు చక్రాలు తిప్పుతుందంట. నూనె తగ్గితే స్టీరింగ్ బరువైతుంది, మూలుగుతుంది అని రాసిండాది చూడు ఈడ."

మూలుగుతుంది అని అచ్చులో ఉంది! అమెరికాలో కూర్చుని ఎవరో మా బర్రె మూలుగు రాసి పెట్టారు.

బానెట్టు ఎత్తి, డబ్బా చుట్టూ దుమ్ము గుడ్డతో తుడిచి, మూత తీశాను. దళారీ ముట్టుకోవద్దన్న మూత. లోపల అడుగున చెంచాడు నూనె. ఎర్రగా, దానిమ్మ రసంలా.

నాగమ్మను పిలిచి చూపించాను. "ఇదో, నీ వక్కాకు" అన్నాను. డబ్బాలోకి తొంగి చూసి, "నా వక్కాకు ఇంగా ఎర్రగా ఉంటుంది" అని పోయింది. ఇంకా కోపం పోలేదు.

మే 10, శనివారం.

బస్సులో ప్రొద్దుటూరు పోయాను, నూనె కోసం. ఆ ఎర్ర నూనె పేరు లక్ష్మీకాంతమ్మ గారు తెలుగులో రాసిచ్చారు.

జియావుల్లా అక్కడ మోటారు మెకానిక్. నేను బస్సు నడిపే రోజుల నుంచి స్నేహితుడు. చీటీ చూసి నవ్వాడు.

"ఎర్ర నూనె, పచ్చ నూనె! నూనె నూనేరా ఖలందర్. బ్రేకాయిల్ పొయ్యి, పనైపోతుంది." అంటూ బ్రేకాయిల్ డబ్బా నా చేతిలో పెట్టాడు.

చీటీ తిప్పి చదివాను. వెనకవైపు లక్ష్మీకాంతమ్మ గారు రాసి కింద రెండు గీతలు గీశారు: బ్రేకు నూనె పోయరాదు, రబ్బరు ఉబ్బి పంపు పాడవుతుంది.

"పుస్తకంలో వద్దని ఉండాది" అన్నాను.

"పుస్తకం రాసినోడు ప్రొద్దుటూరుకు వచ్చి రిపేరు చేస్తాడా?"

డబ్బా తిరిగి ఇచ్చేశాను. జియావుల్లా ముఖం ముడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో వాడి మాట నేను కాదనడం ఇదే మొదలు. ఎర్ర నూనె మాత్రం ఊర్లో ఏ అంగట్లోనూ దొరకలేదు.

బస్టాండులో హబీబుల్లా సాహెబ్ కనపడ్డారు. "ఎట్లుండాది చెయ్యి?" అని అడిగారు, ఎప్పుడూ అడిగినట్టే, జాలిగా. "బాగుంది సాహెబ్" అన్నాను. ఈసారి అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. నిజమో కాదో ఇంకా తెలియదు.

మే 12.

లక్ష్మీకాంతమ్మ గారు మద్రాసులో కారు సామాన్ల అంగడికి ఉత్తరం రాశారు. నూనె డబ్బాలు రెండు, రైలు పార్సిల్లో ఎర్రగుంట్ల స్టేషనుకు పంపమని.

మే 15.

రాలేదు.

మే 19.

రాలేదు. రెడ్డి గారికి ఓపిక పోతోంది. జియావుల్లా బ్రేకాయిల్ సంగతి ఆయన చెవిన పడింది. "పొయ్యప్పా అదే, ఎన్ని దినాలు బండిని షెడ్డులో పెట్టుకోని చూస్తాం? వచ్చే నెల ఏడో తేదీకి అమ్మకు ఆపరేషనంట. మద్రాసు కంటి డాక్టరు మూడు నెల్లకొకసారి వస్తాడంట. ఆ దినం తప్పితే మళ్ళా ఎప్పుడో!"

నేను పని చేసే ఇంట్లో యజమానికి కాదని చెప్పడం నాకు కొత్త. అయినా చెప్పాను.

"అయ్యా, తిప్పమంటే ఇట్లనే తిప్పుతా, అమ్మను జమ్మలమడుగుకు చేరుస్తా. ఆ నూనె మాత్రం పోయను. పోస్తే పంపు పోతుంది, పంపు పోతే ఈ ఊర్లో దొరకదు."

రెడ్డి గారు "సరే, నీ బండి నీ ఇష్టం" అన్నారు.

నీ బండి అన్నారు.

మే 24, శనివారం.

వచ్చింది!

ఎర్రగుంట్ల పోయి రెండు డబ్బాలూ నేనే తెచ్చాను, బస్సులో ఒళ్ళో పెట్టుకుని. పక్కనాయన "నెయ్యా?" అని అడిగాడు. నెయ్యి కంటే ఎక్కువే అన్నాను.

లక్ష్మీకాంతమ్మ గారు పుస్తకం పట్టుకుని షెడ్డులో నిలబడి చదువుతుంటే నేను చేశాను. మూత చుట్టూ మళ్ళీ తుడిచాను, ఒక్క ఇసుక రవ్వ లోపల పడినా పంపు అరిగిపోతుందట. మస్లిన్ గుడ్డ గరాటుకు కట్టి, లోపలి గీత దాకా పోశాను. ఇంజను పట్టించి, స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు నెమ్మదిగా తిప్పాలి. కొసల దగ్గర బిగబట్టి ఉంచకూడదు. తిప్పాను. మూలుగు. దిగి చూస్తే డబ్బాలో నూనె నురగ, పాలు పొంగినట్టు, మట్టం దిగిపోయింది.

"గాలి పోతాండాది, భయపడొద్దు అని రాసిండారు. మళ్ళా పొయ్యి."

మళ్ళీ పోశాను. తిప్పాను. నురగ. మళ్ళీ పోశాను. నాలుగోసారికి మూలుగు సన్నబడింది. ఐదోసారి తిప్పుతుంటే స్టీరింగ్ చేతిలోంచి ఒక్కసారి జారినట్టు తిరిగింది. ఎవరో వెనక నుంచి వచ్చి నా చేతుల మీద బరువు ఎత్తేసినట్టు.

చిటికెన వేలు పెట్టాను. తిరిగింది. కుడి చేతి చిటికెన వేలు!

"అమ్మా!" అని అరిచాను. ఎందుకు అరిచానో, ఏ అమ్మనో. ఇంటిల్లిపాదీ వచ్చారు. రెడ్డి గారు ఎక్కి తిప్పారు. లక్ష్మీకాంతమ్మ గారు ఎక్కి, చుట్టూ చూసి, పమిట సర్దుకుని, ఒక వేలితో తిప్పి చిన్నపిల్లలా నవ్వారు. వెంకటమ్మ గారు తనకూ కావాలన్నారు. చెయ్యి పట్టి ఎక్కించాం. కళ్ళు మూసుకుని తిప్పారు. "ఎటు పోతాండాను?" అని అడిగారు. "ఎటూ పోలేదమ్మా, గేరు వెయ్యలేదు" అన్నాను. "పోనీ అప్పా, పోతాండాననే అనుకుంటా" అన్నారు.

ఇంటికి వచ్చి మైమూన్‌కు మొత్తం చెప్పాను, మొదటి నుంచి. తెలియందల్లా నూనె సంగతేనట. తక్కినదంతా తనకు మార్చి నుంచే తెలుసట. నేను నిద్రలో స్టీరింగ్ తిప్పుతున్నానట, దుప్పటి లాగేస్తున్నానట. ఆముదం గిన్నె తెచ్చింది. ఈసారి చెయ్యి చాపాను.

మే 30, శుక్రవారం.

ఇక ప్రతి శుక్రవారం నమాజుకు పోయే ముందు ఇది నా పని. కారు ఒక మైలు తిప్పి ఇంజను వెచ్చబడ్డాక, ఆపి, తుడిచి, మూత తీసి, గీత చూడడం.

ఈ రోజు గీతకు వేలెడు కింద ఉంది. నూనె తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పోస్తూ పోతే అది మెకానిక్ పని కాదు, చాకిరీ. పాత పేపర్లు కారు కింద పరిచి ఒక గంట ఆగాను. ఎర్ర చుక్క ఎక్కడ పడిందో చూసి దాని నెత్తిన వెతికితే, రబ్బరు గొట్టం అతుకు దగ్గర తడి. గొట్టం పగుళ్ళిచ్చి పర్రెలు బారింది. బిగిస్తే చుక్కలు తగ్గాయి, ఆగలేదు. గొట్టం మార్చాలి. జియావుల్లా చెయ్యగలడు, కోపం పోతే.

పేపరు తీసుకుపోయి నాగమ్మకు చూపించాను. "నాకెందుకు చూపిస్తావు?" అంది. "అనుమానం నీ మీద పెట్టుకున్నా గదా, సాక్ష్యం చూపిస్తాండా" అన్నాను. నవ్వింది. రెండు నెలల తర్వాత.

జూన్ 7, శనివారం. జమ్మలమడుగు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న వెంకటమ్మ గారిని, లక్ష్మీకాంతమ్మ గారిని ప్రొద్దుటూరు తెచ్చాను. అక్కడ వాళ్ళ బంధువుల ఇంట్లో ఉండి, పొద్దున్నే గొట్టం మార్పించుకుని, మధ్యాహ్నం రెండు లోపల జమ్మలమడుగు చేరాలని. జియావుల్లా కోపమంతా బానెట్టు ఎత్తగానే పోయింది. పుస్తకం బొమ్మలు చూసి, పంపు విప్పి చూసి, "బ్రేకాయిల్ పోసుంటే ఇదంతా ముద్ద అయ్యేది" అని తనే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నూనె ల్యాకుండా దీన్ని రెండు నెల్లు తిప్పినావా? ఒట్టు? ఏదీ, చెయ్యి చూపించు" అని నా ముంజేయి నొక్కి చూశాడు. ఎందుకో తల ఆడించాడు.

అయితే జియావుల్లా దగ్గరున్న కొత్త గొట్టానికి కొసన బిగించే మర సరిపోలేదు. పాతది అప్పటికే విప్పేశాం. మర కోయించి తెచ్చేసరికి సాయంత్రం అవుతుందన్నాడు. అప్పటికి పదకొండున్నర.

బస్టాండుకు నడిచాం, వెంకటమ్మ గారి చెయ్యి కోడలు పట్టుకుంటే. జమ్మలమడుగు బస్సు నిలబడి ఉంది, నిండా జనం. డ్రైవరు లేడు. వాంతులై పడిపోతే ఇంటికి పంపారట. హబీబుల్లా సాహెబ్ తలపట్టుకుని నిలబడ్డారు. ఇంకో డ్రైవరు మైదుకూరు నుంచి మూడింటికి గానీ రాడు.

నేను అడగలేదు. ఆయనా అడగలేదు. నా చెయ్యి వైపు చూసి, కళ్ళు తిప్పుకున్నారు.

వెంకటమ్మ గారే అడిగారు. "ఏమప్పా సాయిబూ, నీకు డ్రైవరు ల్యాడు, మాకు బండి ల్యాదు. ఈయప్ప డ్రైవరే గదా?"

"ఆయన చెయ్యి..." అని సాహెబ్ నసిగారు.

"ఆ చెయ్యి సంగతి నాకు తెలుసులే. పోదాం పా ఖలందరూ. నేను ముందు సీట్లో కూర్చుంటా." సాహెబ్ తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు.

బస్సు లైసెన్సు జేబులోనే ఉంది. నాలుగేళ్ళుగా ఎందుకు కొత్త చేయిస్తున్నానో మైమూన్‌కు కూడా చెప్పలేదు.

ఎక్కాను. బస్సు స్టీరింగ్‌లో పంపు లేదు, ఎర్ర నూనె లేదు. ఇనుము, మనిషి, అంతే. బస్టాండు గేటు దగ్గర కుడికి పూర్తిగా కొట్టాలి. నాలుగేళ్ళ కింద నేను ఓడిపోయింది ఇలాంటి మలుపులోనే. పళ్ళు బిగించి, సీట్లోంచి సగం లేచి లాగాను. అంత అవసరం లేకపోయింది. తిరిగింది! బరువుగా, నిండుగా, నేను ఎంత తిప్పితే అంత తిరిగింది. మళ్ళీ కూర్చుని తిప్పాను. తిరిగింది. అప్పుడు తెలిసింది, జియావుల్లా నా ముంజేయి నొక్కి ఎందుకు తల ఆడించాడో. ఆ కారు రెండు నెలలు ఈ చేత్తో చేయించిన కసరత్తు ఏ డాక్టరూ చేయించలేడు. చెయ్యి చస్తోందని నేను ఏడ్చిన ప్రతి రోజూ అది బతుకుతూ వచ్చింది.

గేటు దగ్గర హబీబుల్లా సాహెబ్ నిలబడి ఉన్నారు. చెయ్యి ఎత్తారు. జాలి చూపు కాదు. నేను హారను కొట్టాను, అవసరం లేకపోయినా.

పద్నాలుగు మైళ్ళు. పత్తి బండ్లు, మేకల మంద (ఈసారి నిజంగానే మేకలు), వంకలో ఇసుక, రెండు మలుపులు. పాట పాడానట, లక్ష్మీకాంతమ్మ గారు చెప్పారు. నాకు గుర్తు లేదు. వెంకటమ్మ గారు మాత్రం ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి, ఎవరున్నారో కనపడకపోయినా, "మా డ్రైవరు" అని చెబుతూనే ఉన్నారు.

ఒకటింబావుకు జమ్మలమడుగు. రెండింటికి ఆమెను లోపలికి తీసుకున్నారు. నాలుగింటికి డాక్టరు బయటికి వచ్చి, బాగా జరిగింది, కదలకుండా పడుకోమనండి అన్నాడు. లోపల నుంచి ఆమె ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్న గొంతు అప్పుడే వినిపిస్తోంది.

ఒకటి రాయడం మరిచాను. బస్సు ఆగాక అందరూ దిగుతుంటే నేను సీట్లోనే కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. చివరగా ఒక ముసలాయన వచ్చాడు, చంకలో మూట. నా పక్కన ఆగి, ముఖంలోకి చూసి, కోపంగా అన్నాడు:

"ముప్పావు గంట లేటు! ఏం డ్రైవరువప్పా నువ్వు?"

లేచి నిలబడి, తల వంచి ఆయనకు సలాం చేశాను. పాపం, పిచ్చోడనుకుని గబగబా దిగిపోయాడు.